క్యాన్సర్ రోగుల రక్తంలో ప్రోటీన్లు, పోషణ స్థితి

క్యాన్సర్ ముదిరేకొద్దీ రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గుతుంది, సీ-రియాక్టివ్ ప్రోటీన్ (సీఆర్‌పీ) పెరుగుతుంది, బరువు పడిపోతుంది, కండ కరిగిపోతుంది. ఈ మార్పులు చాలామంది రోగుల్లో ఒకేసారి కనిపిస్తాయి. అందుకే ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి చాలడం లేదని అర్థం చేసుకునే అలవాటు ఆసుపత్రుల్లోనూ, ఇళ్లలోనూ పాతుకుపోయింది. ఇటీవలి దశాబ్దాల పరిశోధన ఈ రెండింటినీ విడదీసి చూపింది. ఆల్బుమిన్ ప్రధానంగా జబ్బు తీవ్రతను, శరీరంలో రగులుతున్న ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుపుతుంది. పోషణ లోపాన్ని తెలిపేవి బరువు, తిండి, కండ. చికిత్సకు ఈ రెండు సమాచారాలూ కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకుంటే రోగి నష్టపోతాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా, అందులో హైకోర్టు ఉన్న బోద్రీ పట్టణం, ఉత్తరాంధ్ర వంటి ప్రాంతాల్లో ఈ తేడా మరింత ముఖ్యం. ఇక్కడి పేద రోగుల్లో చాలామంది జబ్బు రాకముందే తక్కువ బరువుతో ఉంటారు.

రక్తంలోని ప్రోటీన్లు

ఆరోగ్యవంతుల సీరంలో మొత్తం ప్రోటీన్ డెసీలీటరుకు సుమారు 6 నుంచి 8 గ్రాములు ఉంటుంది. అందులో సగానికి పైగా ఆల్బుమిన్. దాని సాధారణ మోతాదు 3.5 నుంచి 5 గ్రాములు. మిగిలినదాన్ని గ్లోబ్యులిన్లుగా లెక్కిస్తారు. రోగనిరోధక యాంటీబాడీలు, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ఈ వర్గంలోకే వస్తాయి.

585 అమైనో ఆమ్లాల గొలుసైన ఆల్బుమిన్‌ను కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల దాకా తయారుచేస్తుంది. రక్తనాళాల్లోని నీరు బయటికి కారిపోకుండా పట్టి ఉంచే ఒత్తిడిలో నాలుగింట మూడు వంతులకు పైగా దీని చలవే. ఇది బాగా తగ్గినప్పుడు పాదాలకు, పొట్టలోకి నీరు చేరే అవకాశం పెరుగుతుంది. కొవ్వు ఆమ్లాలు, బిలిరుబిన్, క్యాల్షియం, అనేక మందులు దీనికి అతుక్కునే రక్తంలో ప్రయాణిస్తాయి. శరీరంలోని ఆల్బుమిన్‌లో సుమారు 40 శాతమే రక్తనాళాల్లో ఉంటుంది. మిగిలినది కణజాలాల మధ్య ద్రవాల్లో ఉంటూ రక్తంలోకి వచ్చిపోతుంటుంది. రిపోర్టులో కనిపించే అంకెను అర్థం చేసుకోవడానికి ఈ రాకపోకలే కీలకం.

ఆల్బుమిన్ అర్ధాయువు దాదాపు 20 రోజులు. ట్రాన్స్‌ఫెరిన్‌కు 8 నుంచి 10 రోజులు, ప్రీఆల్బుమిన్‌కు రెండు రోజులు, రెటినాల్‌ను మోసే ప్రోటీన్‌కు సుమారు 12 గంటలు. అర్ధాయువు తక్కువైతే తిండిలో వచ్చిన మార్పును త్వరగా చూపుతుందన్న ఆశతో ఒకప్పుడు ప్రీఆల్బుమిన్‌ను విస్తృతంగా వాడారు. ఇన్‌ఫ్లమేషన్ వచ్చినప్పుడు అది కూడా ఆల్బుమిన్ లాగే పడిపోతుందని తేలాక ఆ ఆశ తగ్గింది.

సీఆర్‌పీ తీరు ఇందుకు పూర్తిగా వేరు. దీన్ని 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. ఆరోగ్యవంతుల్లో ఇది అతి స్వల్పంగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్, గాయం, క్యాన్సర్ వల్ల కొన్ని గంటల్లోనే పదుల రెట్లు పెరగగలదు.

ఆల్బుమిన్ ఎందుకు పడిపోతుంది

కణితి, దానిపై పోరాడే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. అవి కాలేయానికి చేరగానే దాని ఉత్పత్తి క్రమం మారుతుంది. సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ వంటివి పెరుగుతాయి. ఆల్బుమిన్, ప్రీఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్ మోతాదులు తగ్గుతాయి.

అయితే తయారీ తగ్గడమే కారణమని అనుకుంటే పొరపాటు. 1998లో ఎడిన్‌బరోకు చెందిన కెనెత్ ఫియరన్ బృందం బాగా చిక్కిపోయి ఆల్బుమిన్ తగ్గిన క్యాన్సర్ రోగుల్లో దాని తయారీ వేగాన్ని కొలిచింది. ఆరోగ్యవంతులతో పోలిస్తే అది తగ్గలేదు. మామూలుగా గంటకు రక్తంలోని ఆల్బుమిన్‌లో సుమారు 5 శాతం నాళాల గోడలు దాటి కణజాలాల్లోకి వెళుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో గోడలు వదులై ఈ లీకు పెరుగుతుంది, దాన్ని శరీరం వాడుకునే వేగమూ పెరుగుతుంది. తయారవుతున్నా రక్తంలో నిలవదు.

మరికొన్ని కారణాలు కూడా ఉన్నాయి. కాలేయ క్యాన్సర్, సిర్రోసిస్ లేదా కాలేయానికి విస్తృతంగా పాకిన కణితుల వల్ల తయారీయే దెబ్బతినవచ్చు. క్యాన్సర్‌తోపాటు వచ్చే కొన్ని మూత్రపిండ వ్యాధుల్లో ప్రోటీన్ మూత్రంలో పోతుంది. కొన్ని పేగు జబ్బుల్లో మలంలో పోతుంది. పొట్టలోంచి, ఊపిరితిత్తుల చుట్టూ నుంచి పదేపదే నీరు తీసినప్పుడు దానితోపాటే పోతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే రక్తం పలచబడి అంకె తగ్గినట్టు కనిపిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే లేని ఆల్బుమిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లల లుకేమియాలో వాడే ఎల్-ఆస్పరజినేజ్ మందు కాలేయంలో ప్రోటీన్ల తయారీని అణచి ఆల్బుమిన్‌నూ, ఫైబ్రినోజెన్‌నూ తగ్గిస్తుంది. కాబట్టి అంకె తగ్గగానే ముందు అడగవలసిన ప్రశ్న ఎందుకు తగ్గిందన్నదే.

ఒక భావన ఎలా పుట్టి, ఎలా మారింది

ఆల్బుమిన్‌ను పోషణకు కొలమానంగా చూడడానికి పునాది క్వాషియార్కర్ దగ్గర పడింది. 1933లో గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ వర్ణించిన ఈ జబ్బులో పిల్లల ఒంటికి నీరు పడుతుంది, రక్తంలో ఆల్బుమిన్ బాగా తగ్గుతుంది. మరాస్మస్‌లో పిల్లలు ఎముకల గూడులా చిక్కిపోతారు, ఆల్బుమిన్ మాత్రం అంతగా తగ్గదు.

ఈ తేడాపై తెలుగునేలకు సంబంధించిన పరిశోధన ఒకటి ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా కొనసాగుతోంది. దానికి సారథ్యం వహించిన డాక్టర్ సి. గోపాలన్ ఈ రెండు జబ్బుల పిల్లలూ దాదాపు ఒకేరకం తిండి తింటున్నారని గమనించారు. కొరతకు శరీరం సర్దుకున్నప్పుడు కండ కరిగి ఆల్బుమిన్ తయారీకి ముడిసరుకు అందుతుందని, ఆ సర్దుబాటు విఫలమైనప్పుడు క్వాషియార్కర్ వస్తుందని 1968లో ప్రతిపాదించారు. క్వాషియార్కర్ కారణాలపై చర్చ ఇప్పటికీ ముగియలేదు. కానీ తిండి ఒకేలా ఉన్నా ఆల్బుమిన్ వేర్వేరుగా ఉండగలదన్న గమనిక నేటి క్యాన్సర్ వార్డులోనూ పనికొస్తుంది.

పెద్దల మీద జరిగిన పరిశీలనలూ అటే చూపాయి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది స్వచ్ఛంద సేవకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టారు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గినా రక్త ప్రోటీన్లు పెద్దగా తగ్గలేదు. ఇతర జబ్బేమీ లేకుండా తిండి తగ్గినవారిపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట చేర్చి చూస్తే, శరీర బరువు సూచిక (బీఎంఐ) 12 కంటే కిందికి పడేదాకా ఆల్బుమిన్, ప్రీఆల్బుమిన్ సాధారణంగా నిలిచే ఉన్నాయి.

అయినా 1970లలో ఆసుపత్రుల్లో పోషణ లోపంపై దృష్టి పడినప్పుడు చేతికి అందిన తేలికైన కొలమానం ఆల్బుమినే. 1977లో బ్లాక్‌బర్న్ బృందం పోషణ అంచనా పద్ధతిలో ఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్లకు ముఖ్యస్థానం ఇచ్చింది. ఆ పాఠం రెండు తరాల వైద్యులు నేర్చుకున్నారు. అమెరికా పోషణ చికిత్సా సంఘం ఆస్పెన్ తాజా విధానపత్రంలో ఈ ప్రోటీన్లు ఇన్‌ఫ్లమేషన్‌నూ, ప్రమాద స్థాయినీ సూచిస్తాయని, వీటితో పోషణ లోపాన్ని నిర్ధారించరాదని స్పష్టం చేసింది.

క్యాన్సర్‌లో చిక్కిపోవడం

1932లో షీల్డ్స్ వారెన్ 500 మంది క్యాన్సర్ మృతుల శవపరీక్షలను విశ్లేషించి, 22 శాతం మందిలో శరీరం క్షీణించడమే మరణానికి తక్షణ కారణమని తేల్చారు. 1980లో డీవిస్ బృందం కీమోథెరపీకి వచ్చిన 3,047 మందిని పరిశీలించి, చికిత్సకు ముందే బరువు తగ్గినవారు తక్కువకాలం బతుకుతున్నారని చూపింది.

ఈ క్షీణతను కెకెక్సియా అంటారు. 2011లో ఫియరన్ నాయకత్వంలో అంతర్జాతీయ నిపుణులు దీనికి హద్దులు గీశారు. ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గినా, శరీర బరువు సూచిక 20 కంటే తక్కువై 2 శాతానికి మించి తగ్గినా, కండ లోపంతోపాటు 2 శాతానికి మించి తగ్గినా కెకెక్సియాగా గుర్తించాలి. మామూలు ఆకలిలో శరీరం ముందు కొవ్వును కరిగించి కండను వీలైనంత కాపాడుకుంటుంది. కెకెక్సియాలో ఇన్‌ఫ్లమేషన్ కండనూ కరిగిస్తుంది, ఆకలిని చంపుతుంది. అందువల్ల తిండి ఒక్కటే పెంచితే పోయిన కండ పూర్తిగా తిరిగి రాదు. అలాగని తిండిని వదిలేస్తే ఆకలి క్షీణత కూడా తోడై రోగి మరింత వేగంగా కుంగిపోతాడు.

క్యాన్సర్ రోగుల మరణాల్లో 10 నుంచి 20 శాతం దాకా కణితి వల్ల కంటే పోషణ లోపం వల్లే సంభవిస్తున్నాయని యూరప్ పోషణ సంఘం ఎస్పెన్ అంచనా.

ప్రోటీన్లతో వేసే స్కోర్లు

ఆల్బుమిన్ పోషణను సరిగా కొలవకపోయినా భవిష్యత్తును బలంగా సూచిస్తుంది. 2010లో గుప్తా, లిస్ వివిధ క్యాన్సర్లపై వచ్చిన 59 అధ్యయనాలను సమీక్షించినప్పుడు వాటిలో అత్యధికం చికిత్సకు ముందు ఆల్బుమిన్ బాగున్నవారు ఎక్కువకాలం బతికారని చూపాయి. అందుకే దీనితో పలు స్కోర్లు పుట్టాయి.

2003లో వెలువడిన గ్లాస్గో స్కోరు వీటిలో సులభమైనది. సవరించిన రూపంలో సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే స్కోరు 0. దాటితే 1. దాటడంతోపాటు ఆల్బుమిన్ 3.5 గ్రాముల కంటే తక్కువైతే 2. సీఆర్‌పీ పెరగకుండా ఆల్బుమిన్ ఒక్కటే తగ్గితే ఇందులో స్కోరు పెరగదు. మన ల్యాబుల్లో కొన్ని సీఆర్‌పీని లీటరుకు, కొన్ని డెసీలీటరుకు ఇస్తాయి. ప్రమాణం చూడకుండా చదివితే పది రెట్ల తేడా వస్తుంది.

జపాన్‌కు చెందిన ఒనోడెరా 1984లో ఆల్బుమిన్‌నూ, లింఫోసైట్ల సంఖ్యనూ కలిపి శస్త్రచికిత్స ప్రమాదాన్ని అంచనా వేసే సూత్రం ఇచ్చారు. ఆల్బుమిన్ అంకెను 10తో గుణించి, లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించి రెండూ కూడాలి. 40 కంటే తక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. 2005లో స్పెయిన్‌లో రూపొందిన కోనట్ స్కోరు వీటికి కొలెస్ట్రాల్‌ను జోడించింది. కొన్నిటి పేర్లలో పోషణ అన్న మాట ఉన్నా ఇవన్నీ ప్రధానంగా ప్రమాద సూచికలే.

పోషణ స్థితిని తెలుసుకునే పద్ధతులు

పోషణ లోపాన్ని పట్టుకోవడానికి రక్తం తీయనక్కర్లేదు. మొదటి దశలో అడిగేవి రెండే ప్రశ్నలు. ఈమధ్య ప్రయత్నించకుండానే బరువు తగ్గారా? ఆకలి తగ్గి తిండి తగ్గిందా? 1999లో ఆస్ట్రేలియాలో రూపొందిన ఎమ్మెస్టీ పద్ధతి ఈ రెండింటి మీదే నడుస్తుంది. అనుమానం వస్తే తర్వాతి దశలో వివరంగా పరీక్షిస్తారు. 1987లో టొరంటోకు చెందిన డెట్‌స్కీ ప్రచురించిన ఎస్‌జీఏ పద్ధతిలో బరువు చరిత్ర, తిండి, వాంతులు విరేచనాలు, పని చేసుకునే శక్తి అడిగి, కణతలు, భుజాలు, తొడలు చేత్తో తడిమి కొవ్వు, కండ ఎంత ఉన్నాయో చూస్తారు. ఫెయిత్ ఆటరీ దాన్ని క్యాన్సర్ రోగులకు తగినట్టు విస్తరించారు. అందులో మొదటి భాగాన్ని రోగే నింపుతాడు.

2019లో ప్రపంచ పోషణ సంఘాలు కలిసి గ్లిమ్ ప్రమాణాలు ప్రకటించాయి. బరువు తగ్గడం, తక్కువ శరీర బరువు సూచిక, కండ తగ్గడం అనే మూడు లక్షణాల్లో కనీసం ఒకటి ఉండాలి. తిండి లేదా అరుగుదల తగ్గడం, జబ్బు వల్ల ఇన్‌ఫ్లమేషన్ ఉండడం అనే రెండు కారణాల్లో కనీసం ఒకటి ఉండాలి. నిర్ధారణకు అవసరమైన కొలతల్లో ఆల్బుమిన్ లేదు.

కండను కచ్చితంగా కొలవడానికి నడుము మూడో వెన్నుపూస దగ్గర తీసిన సీటీ స్కాన్ వాడతారు. క్యాన్సర్ దశ తేల్చడానికి ఎలాగూ తీసిన స్కానే ఇందుకు సరిపోతుంది. అది లేనిచోట టేపు చాలు. 2019 నాటి ఆసియా ప్రమాణాల ప్రకారం పిక్క చుట్టుకొలత మగవారిలో 34, ఆడవారిలో 33 సెంటీమీటర్ల కంటే తక్కువైతే కండ తగ్గిందని అనుమానించాలి. చేతి పట్టు మగవారిలో 28, ఆడవారిలో 18 కిలోల కంటే తక్కువైతే కండ బలం తగ్గినట్టు.

రెండు రిపోర్టులు పక్కపక్కన

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. మొదటి రోగి ఆల్బుమిన్ 2.6, సీఆర్‌పీ లీటరుకు 84 మిల్లీగ్రాములు. బరువు ఆరు నెలలుగా 61 కిలోల దగ్గరే ఉంది, కండ నిండుగా ఉంది, తిండి బాగానే తింటున్నాడు. గ్లాస్గో స్కోరు 2. ఇతనికి వెంటనే కావలసింది ఇన్‌ఫ్లమేషన్‌కు కారణం వెతకడం. కణితి పెరిగిందా, ఇన్‌ఫెక్షన్ ఉందా, క్షయ తోడైందా అని చూడాలి. బరువు నిలకడగా కనిపించడం ఒంట్లో చేరిన నీటివల్ల కాదని పాదాలు నొక్కి, పొట్ట చూసి తేల్చుకోవాలి.

రెండో రోగి గొంతు క్యాన్సర్‌తో వచ్చింది. ఆల్బుమిన్ 4.1, సీఆర్‌పీ 4. గ్లాస్గో స్కోరు 0. రిపోర్టులో ఎర్రగీత ఒక్కటీ లేదు. కానీ ఆరు నెలల కిందట 52 కిలోలున్న మనిషి ఇప్పుడు 43 కిలోలు. మింగలేక మెత్తని జావ మాత్రమే తాగుతోంది. 52లో 9 కిలోలంటే 17 శాతం. గ్లిమ్ లెక్కన ఇది తీవ్రమైన పోషణ లోపం. ఆల్బుమిన్ మీదే ఆధారపడే వార్డులో ఈమెను ఎవరూ పట్టించుకోరు. అదే అసలు ప్రమాదం.

చికిత్సపై ప్రభావం

పెద్ద శస్త్రచికిత్సలకు ముందు ఆల్బుమిన్ 3 గ్రాముల కంటే తక్కువ ఉండడాన్ని ఎస్పెన్ తీవ్ర ప్రమాద సూచనల్లో ఒకటిగా పరిగణిస్తుంది. అలాంటివారికి వీలైతే 7 నుంచి 14 రోజులు పోషణ చికిత్స ఇచ్చి ఆపరేషన్ చేయాలని సూచిస్తుంది. కీమోథెరపీలో పాక్లిటాక్సెల్ వంటి మందులు ఎక్కువగా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటాయి కాబట్టి ఆల్బుమిన్ అంకె అక్కడా ముఖ్యమే. పోషణ లోపం ఉన్నవారు చికిత్సను తట్టుకోలేక మోతాదులు తగ్గించడం, మధ్యలో ఆపడం తరచుగా జరుగుతుంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కృషితో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, దానికి విరుగుడులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ రూపుదిద్దుకున్నాయి. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేని స్ప్రూ జబ్బుతో తమ ఇంట్లో జరిగిన మరణాలు ఆయన్ను పోషణ పరిశోధన వైపు నడిపించాయి. ఆ పోషక పరిశోధనే 1948లో పిల్లల లుకేమియాకు తొలి సమర్థమైన మందుల దారి తెరిచింది. నేటికీ మెథోట్రెక్సేట్ ఇచ్చేటప్పుడు రోగికి పొట్టలో, ఛాతీలో నీరు చేరిందేమో వైద్యులు ముందే చూస్తారు. ఆ నీటిలో మందు నిల్వచేరి నెమ్మదిగా రక్తంలోకి తిరిగివచ్చి విషప్రభావాన్ని పెంచుతుంది.

క్యాల్షియం రిపోర్టును చదవడానికి కూడా ఆల్బుమిన్ కావాలి. ఆల్బుమిన్ 4 గ్రాముల నుంచి ఒక గ్రాము తగ్గితే క్యాల్షియం అంకెకు 0.8 కలిపి చూడాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో ఈ సవరణ చేయకపోతే ప్రమాదకరంగా పెరిగిన క్యాల్షియం మామూలుగా కనిపించవచ్చు.

మల్టిపుల్ మైలోమా ఇందులో ప్రత్యేకం. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు ఒకేరకం యాంటీబాడీని విపరీతంగా తయారుచేస్తాయి. అందువల్ల మొత్తం ప్రోటీన్ 8 గ్రాములు దాటి, ఆల్బుమిన్ మాత్రం తక్కువగా ఉండవచ్చు. ఎక్కువ ప్రోటీన్ ఉంది కాబట్టి పోషణ బాగుందని అనుకోకూడదు. నడుము నొప్పి, రక్తహీనత ఉన్న పెద్దవయసు మనిషిలో ఇలాంటి రిపోర్టు వస్తే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేయించాలి. 2005 నుంచి మైలోమా దశ నిర్ణయంలో ఆల్బుమిన్, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ రెండూ భాగం.

ఆహారం, మందులు

ఎస్పెన్ మార్గదర్శకాల ప్రకారం క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కిలోకేలరీలు, ఒక గ్రాముకు తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో ఆరోగ్యవంతులకు సూచించిన మోతాదు 0.83 గ్రాములు.

40 కిలోల రోగికి ఇది 40 నుంచి 60 గ్రాముల ప్రోటీన్, 1,000 నుంచి 1,200 కిలోకేలరీలు. రెండు కోడిగుడ్లలో సుమారు 13 గ్రాములు, అర లీటరు పాలు లేదా పెరుగులో 16, యాభై గ్రాముల కందిపప్పులో 11, నూట యాభై గ్రాముల బియ్యంలో 12 గ్రాములు. మొత్తం 52. రెండు చెంచాల నూనె కలిపితే శక్తి కూడా సరిపోతుంది. గుడ్డు తినని ఇంట్లో మరికొంత పప్పు, వేరుశనగలు, సోయా, పనీర్ ఆ లోటు తీరుస్తాయి. ఒకేసారి తినలేనివారికి రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాలి. నోరు పూసినవారికి కారం, పులుపు తగ్గించి పెరుగన్నం, మెత్తని పప్పన్నం, గుడ్డు కలిపిన జావ ఇవ్వాలి. నోటితో చాలనప్పుడు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు, ఎక్కువకాలం అవసరమైతే పొట్టకు అమర్చే గొట్టం ప్రాణాలు నిలబెడతాయి. ట్యూబు వేశారంటే ఇక ఆశ లేదని కుటుంబాలు బెంబేలెత్తుతాయి. నిజానికి రేడియేషన్ పూర్తయ్యేదాకా బలం నిలబెట్టడానికే చాలామందికి దాన్ని వేస్తారు.

చాలా రోజులు తిండి లేనివారికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. వారికి థయమిన్ ఇచ్చి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ పెంచాలి.

బలానికి ఆల్బుమిన్ బాటిల్ ఎక్కించమని బంధువులు అడగడం ప్రతి వార్డులోనూ వినబడే మాట. 20 శాతం గాఢత గల వంద మిల్లీలీటర్ల బాటిల్‌లో ఉండేది 20 గ్రాముల ప్రోటీన్, అంటే సుమారు మూడు గుడ్లకు సమానం. ఆ ప్రోటీన్ విచ్ఛిన్నమై కండకు అందడానికి వారాలు పడుతుంది, ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కొంత కణజాలాల్లోకి కారిపోతుంది. సిర్రోసిస్ రోగికి పొట్టలోంచి ఎక్కువ నీరు తీసినప్పుడు దానికి స్పష్టమైన ప్రయోజనం ఉంది. పోషణ కోసమైతే వేల రూపాయలు దండగ.

ఇళ్లలో పథ్యం పేరుతో గుడ్లు, పాలు, పప్పు, మాంసం మాన్పించడం ఇంతకంటే పెద్ద నష్టం చేస్తుంది. తిండి మానితే కణితి మాడిపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. కణితికి కావలసింది అది కండను కరిగించైనా తీసుకుంటుంది.

మందుల్లో మెజెస్ట్రాల్, కొద్దిరోజుల పాటు డెక్సామెథసోన్ ఆకలిని పెంచుతాయి, కండను పెంచవు. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్యులు 2023లో ప్రచురించిన పరీక్షలో 124 మంది రోగుల్లో సగం మందికి కీమోతోపాటు రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ ఇచ్చారు. బరువు 5 శాతానికి మించి పెరిగినవారు ఆ మందు తీసుకున్నవారిలో 60 శాతం, తీసుకోనివారిలో 9 శాతం. ఇది చవకైన మందు కావడం మనకు పెద్ద ఊరట. జపాన్ 2021లో అనమొరెలిన్‌ను అనుమతించింది. ఆకలిని అణచే జీడీఎఫ్-15 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్ 2024లో వెలువడిన రెండో దశ పరీక్షలో, ఎక్కువ మోతాదు తీసుకున్నవారి బరువును 12 వారాల్లో పోలిక బృందం కంటే సుమారు 2.8 కిలోలు పెంచింది.

బిలాస్‌పూర్, బోద్రీ, తెలుగు ప్రాంతాలు

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు రైల్వే ఉద్యోగాలతో ఈ మార్గాల వెంట స్థిరపడ్డాయి. ఈ రెండు ప్రాంతాలనూ కలిపే మరో అంశం పొగాకు. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకోవడం విరివిగా ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని దశాబ్దాల కిందటే పరిశోధకులు రాశారు. నోటి, గొంతు క్యాన్సర్లలో మింగడమే కష్టమవుతుంది కాబట్టి పోషణ లోపం చికిత్స కంటే ముందే మొదలవుతుంది.

బిలాస్‌పూర్ దగ్గరి గనియారీలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న వైద్యులు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఈ ప్రాంత రోగుల శరీర స్థితిని అంకెల్లో నమోదు చేసింది. 2004 నుంచి 2009 దాకా అక్కడికి వచ్చిన 1,695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులపై 2013లో వెలువడిన అధ్యయనంలో మగవారి మధ్యస్థ బరువు సుమారు 42 కిలోలు, ఆడవారిది 34 కిలోలు. శరీర బరువు సూచిక మగవారిలో 16, ఆడవారిలో 15. పోషణ లోపం తీవ్రమైనకొద్దీ మరణాలు పెరిగాయి. ఇవి క్షయ రోగుల అంకెలే అయినా, ఇదే ఊళ్ల నుంచి వచ్చే క్యాన్సర్ రోగి ఏ స్థితి నుంచి జబ్బులోకి అడుగుపెడుతున్నాడో చెబుతాయి. 42 కిలోల మనిషి 10 శాతం కోల్పోవడం, 80 కిలోల మనిషి 10 శాతం కోల్పోవడం ఒకటి కావు. క్షయ, క్యాన్సర్ రెండూ బరువునూ, ఆల్బుమిన్‌నూ తగ్గిస్తాయి కాబట్టి ఈ ప్రాంతంలో ఒకటి కనబడినప్పుడు రెండోదాన్ని మరచిపోకూడదు.

తిండి చికిత్సలో భాగమని రుజువైంది కూడా ఇక్కడికి పొరుగునే. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వచ్చిన రేషన్స్ పరీక్షలో క్షయ రోగులకు రోజుకు 1,200 కిలోకేలరీలు, 52 గ్రాముల ప్రోటీన్ అందేలా నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవారిలో మరణాలు తగ్గాయి. కుటుంబ సభ్యులకు కూడా సరుకులిచ్చిన ఇళ్లలో కొత్త క్షయ కేసులు 39 శాతం తగ్గాయి. క్షయ రోగుల పోషణకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చిన కేంద్రం 2024లో దాన్ని వెయ్యికి పెంచింది. ఛత్తీస్‌గఢ్ 2012లో తెచ్చిన ఆహార భద్రత చట్టం బియ్యంతోపాటు పప్పుధాన్యాలనూ చవకగా ఇచ్చే ఏర్పాటు చేసింది. కీమోథెరపీ సాగే నెలల్లో క్యాన్సర్ రోగి ఇంటికీ ఇలాంటి సరుకుల సంచి చేరాలి. మందులకు లక్షలు ఖర్చుపెట్టే వ్యవస్థ పప్పు, గుడ్ల దగ్గర వెనకాడడం న్యాయం కాదు.

తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా ఆసుపత్రి ముఖ్యమైనవి. పిల్లల క్యాన్సర్ వార్డుల్లో పోషకాహార నిపుణులను నియమించి సరుకులు అందించే కడిల్స్ ఫౌండేషన్ 2013 నుంచి దేశంలో పనిచేస్తోంది.

ఆచరణలో

క్యాన్సర్ రోగి వచ్చిన ప్రతిసారీ బరువు తూచి, పాత బరువుతో పోల్చి, శాతంలో రాయాలి. తిండి ఎంత తగ్గిందో అడగాలి. పిక్క, చేయి కొలవాలి. పాదాలు నొక్కి నీరు పట్టిందేమో చూడాలి. ఆల్బుమిన్ చేయించినప్పుడు పక్కనే సీఆర్‌పీ కూడా ఉండాలి. ఆల్బుమిన్ తక్కువ, సీఆర్‌పీ ఎక్కువ ఉంటే జబ్బును, ఇన్‌ఫెక్షన్‌ను వెతకాలి. సీఆర్‌పీ మామూలుగా ఉండి ఆల్బుమిన్ తక్కువైతే కాలేయాన్ని, మూత్రాన్ని, పేగులను పరీక్షించాలి. రెండూ బాగుండి బరువు తగ్గుతుంటే ఆరోజే పోషణ చికిత్స మొదలుపెట్టాలి.

పోషణ చికిత్స ఫలించిందా అని చూసేందుకు కూడా వారంవారం ఆల్బుమిన్ చేయించడం సరికాదు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గేదాకా ఆ అంకె పెరగదు, పెరగలేదని తిండి మీద నమ్మకం పోగొట్టుకోకూడదు. బరువు నిలిచిందా, చేతి పట్టు పెరిగిందా, రోగి లేచి తన పని తాను చేసుకుంటున్నాడా, తర్వాతి కీమో అనుకున్న రోజుకే జరిగిందా అన్నవి అసలైన కొలతలు. వీటిలో చాలావాటికి కావలసిన తూకం యంత్రం, టేపు బోద్రీ లాంటి చిన్న పట్టణంలోని ఆరోగ్య కేంద్రంలో కూడా ఉంటాయి. వాటిని ప్రతి రోగికీ వాడడం ఒక నియమంగా మారితే, రిపోర్టు బాగుందన్న ధీమాలో చిక్కిపోతున్న మనుషులను సకాలంలో గుర్తించవచ్చు.